వెన్ను సాగదీస్తే నొప్పి తీరుతుందా?

పోయిన మాఘమాసంలో ఒకనాటి ఉదయం కోవూరు నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు సతీసమేతంగా మా వైద్యశాలకు వచ్చారు. ఆటో దిగి అరుగు దాకా నడిచిన ఆ పది అడుగులలోనే వ్యాధి ఏమిటో తెలిసిపోయింది. నడుము కుడి ప్రక్కకు ఒరిగి ఉంది. ఎడమ కాలు నేలపై మోపేముందు క్షణకాలం ఆగుతున్నారు. గృధ్రమంటే రాబందు. నేలపై రాబందు నడిచే తీరున మనిషిని నడిపిస్తుంది గనుక మన పూర్వులు ఈ వ్యాధిని గృధ్రసి అన్నారు. నేటి వైద్యులు సయాటికా అంటారు.

మాస్టారు కూర్చోలేక నిలబడే ఉన్నారు. ఆయన భార్య సంచిలోనుండి ఎమ్మారై ఫిల్ములు, వాటితోపాటు కొన్ని రసీదులు తీసి బల్లపై పెట్టారు. ఒక పెద్ద నగరంలోని కేంద్రంలో ‘స్పైనల్ డీకంప్రెషన్’ యంత్రంపై ఇరవై నాలుగు సిట్టింగులకు ఒప్పుకున్నారట. పన్నెండు పూర్తయ్యాయి.

“చేయించుకున్న రోజు సాయంత్రం దాకా హాయిగా ఉంటుందండీ. తెల్లవారేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది” అన్నారు మాస్టారు.

“మిగిలిన పన్నెండింటికి డబ్బు కట్టాలి. నా గాజులు బ్యాంకులో పెడదామంటున్నారు. పెట్టమంటారా శాస్త్రిగారూ?” అని ఆమె అడిగారు.

ఈ ప్రశ్న అడిగినవారిలో ఆమె మొదటివారు కారు. నడుము నొప్పితో, మెడ నొప్పితో నెలల తరబడి బాధపడేవారికి ఎవరు ఏ యంత్రం చూపించినా ఆశ కలుగుతుంది. అది సహజం. అందుచేత ఆమెకు ఆనాడు చెప్పిన సమాధానాన్నే కొంత విస్తరించి పాఠకుల ముందుంచుతున్నాను.

యంత్రం చేసే పని

మన వెన్నులో పూసకూ పూసకూ నడుమ మొత్తం 23 మెత్తని బిళ్ళలు ఉంటాయి. వీటినే డిస్కులంటారు. తాటిముంజను తలచుకుంటే వీటి నిర్మాణం సులభంగా బోధపడుతుంది. పైన పొరలు పొరలుగా గట్టి నారవలయం, లోపల నీరు పట్టిన గుజ్జు. పగలంతా దేహభారం వల్ల ఈ బిళ్ళలలోని నీరు కొంత పిండుకుపోతుంది; రాత్రి పడుకున్నప్పుడు తిరిగి చేరుతుంది. తెల్లవారుజామున మనం సాయంత్రం కంటె కొద్దిగా పొడవుగా ఉండటానికి ఇదే కారణం. నారవలయం చీలి గుజ్జు వెనుకకు పొడుచుకువచ్చి నాడిని తాకితే, లేదా దాని చుట్టూ వాపు కలిగిస్తే, పిరుదు నుండి పాదం దాకా మంట, తిమ్మిరి, పోటు దిగుతాయి. మెడలో అయితే భుజం నుండి వ్రేళ్ళ దాకా దిగుతాయి.

పూసల మధ్య ఎడం పెంచితే బిళ్ళపై ఒత్తిడి తగ్గి, పొడుచుకువచ్చిన గుజ్జు లోపలికి పోతుందన్నది ఈ చికిత్సకు ఆధారమైన ఊహ. కొంత కాలం క్రితం వరకు ఆసుపత్రులలో కప్పీ మీదుగా బరువులు వ్రేలాడదీసి ట్రాక్షన్ పెట్టేవారు. 1990 దశకం తొలినాళ్ళలో కెనడాకు చెందిన అలన్ డయర్ అనే వైద్యుడు రెండు భాగాలుగా విడివడే బల్లను రూపొందించారు. రోగిని పడుకోబెట్టి పట్టాలు బిగించి, కొంతసేపు లాగి కొంతసేపు వదిలే పద్ధతి అది. ఇప్పుడు నగరాలలో కనిపించే యంత్రాలకు ఇటువంటి బల్లలే మూలం. 1994లో రామోస్, మార్టిన్ అనే ఇద్దరు వైద్యులు కొద్దిమంది రోగుల డిస్కులలోనే సూది ఉంచి కొలిచి, బల్ల లాగుతున్నంతసేపు లోపలి ఒత్తిడి సున్నకంటె క్రిందికి పోయిందని ప్రకటించారు.

కనుక యంత్రం వెన్నును సాగదీస్తుందన్న మాట అబద్ధం కాదు. మాస్టారికి సాయంత్రం దాకా కలిగిన హాయి కూడా భ్రమ కాదు. ప్రశ్న అది కాదు. బల్ల మీదనుండి లేచి నిలబడగానే అదే దేహభారం అదే బిళ్ళపై మళ్ళీ పడుతుంది. అప్పుడేమవుతుంది?

సుశ్రుతుని ఆంఛనం

ఇది క్రొత్త విద్య అని కొందరు, పాశ్చాత్య విద్య అని కొందరు అనుకుంటారు. గ్రీకు వైద్యుడైన హిపొక్రటీసు సంప్రదాయంలో లాగుడు బల్ల ఉన్నమాట నిజమే. మన సుశ్రుత సంహిత చికిత్సాస్థానం మూడవ అధ్యాయంలో భగ్నచికిత్స చెబుతూ ఆంఛనం, పీడనం, సంక్షేపం, బంధనం అనే నాలుగు క్రియలను చెప్పారు. ఆంఛనమంటే లాగడమే. మెడ ప్రక్కకు తిరిగిపోయినా, లోనికి దిగిపోయినా మెడ వెనుక గుంటనూ దవడలనూ పట్టి మనిషిని పైకెత్తాలని, తరువాత బద్ద కట్టి గుడ్డ చుట్టి ఏడు రాత్రులు వెల్లకిలా పడుకోబెట్టాలని అక్కడ విధించారు. వెన్ను విరిగినవారికి కదలకుండా బల్లపై కట్టి ఉంచే కపాటశయనం కూడా అక్కడే ఉంది.

విద్యార్థి దశలో మా గురువుగారి వద్ద ఈ భాగం చదివినప్పుడు నాకు గర్వం కలిగింది. గురువుగారు మాత్రం ఒక్క ప్రశ్న వేశారు: “ఇది ఏ అధ్యాయంలో ఉందిరా?” భగ్నచికిత్సలో ఉంది. అనగా విరిగినదానికీ తొలగినదానికీ చెప్పినది. గృధ్రసిని సుశ్రుతుడు వాతవ్యాధులలో చెప్పాడు. కాలు పైకెత్తడానికి అడ్డుపడటం దాని లక్షణమన్నాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలెత్తించే పరీక్షను నేడు ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ పేరుతో పిలుస్తారు. మేము ఆ లక్షణాన్ని శ్లోకంతోపాటు నేర్చుకున్నాము. గృధ్రసికి చెప్పిన చికిత్స స్నేహం, స్వేదం, వస్తి, సిరావ్యధం వంటివి. సాగదీయడం అందులో లేదు. ప్రాచీనులకు లాగడం తెలుసు గనుక నేటి యంత్రం ఆయుర్వేద సమ్మతమని ప్రకటనలు వ్రాసేవారు ఈ తేడాను దాటవేస్తున్నారు.

మా ప్రాంతంలో వేరొక సంప్రదాయం ఉంది. నడుము పట్టేస్తే, పుట్టేటప్పుడు కాళ్ళు ముందుగా వచ్చినవారిచేత నడుముపై తన్నించుకుంటారు. చిన్న కండరాల పట్టు అయితే నాలుగు రోజులలో అదే వదిలేది. ఖ్యాతి మాత్రం తన్నినవారికి దక్కుతుంది. క్షౌరశాలలో ‘టక్’మని మెడ విరిపించుకోవడం ఇంత నిరపాయం కాదు. మెడ లోపల మెదడుకు రక్తం చేరవేసే ధమనులున్నాయి. వాటి గోడ చీలితే పక్షవాతం రావచ్చు.

భారం లేనిచోట ఏమైంది?

వెన్నుపై భారాన్ని నెలల తరబడి తీసివేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలనుకుంటే అందుకు ఒక చోటుంది. మాకు దక్షిణాన పులికాట్ సరస్సుకు అవతల శ్రీహరికోట. 2022లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాకు పోయిందిగాని, అంతవరకు మా నెల్లూరు జిల్లాదే. 1971 నుండి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున మా తీరంలో కూడా ఆ వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు చూసినప్పుడల్లా నాకు వ్యోమగాముల వెన్నులు గుర్తుకు వస్తాయి.

అంతరిక్షంలో దేహభారం తెలియదు. రాత్రింబవళ్ళు ఎడతెగని డీకంప్రెషన్ అన్నమాట. అక్కడ వ్యోమగాముల వెన్ను కొన్ని సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది. ఊహ ప్రకారం వారి బిళ్ళలు భూమిపై అందరికంటె ఆరోగ్యంగా ఉండాలి. జరిగింది వేరు. చాలామందికి అక్కడే నడుము నొప్పి వచ్చింది. తిరిగివచ్చిన తరువాత బిళ్ళ పొడుచుకువచ్చే ప్రమాదం తక్కినవారికంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువని 2010లో ప్రచురించిన పరిశీలన తెలిపింది. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు, ఆరు నెలలు అంతరిక్షంలో ఉండి వచ్చిన ఆరుగురిని పరీక్షించగా, వెన్నును అంటి ఉండే కండరాల పరిమాణం సుమారు 19 శాతం తగ్గి ఉంది. వెన్నును నిలబెట్టేది ఎముక ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న కండరాలు పని లేక క్షీణిస్తే ఎంత సాగదీసినా నిలువదు. ఓడ కొయ్యకు నాలుగు వైపులా బిగించిన మోకులు వదులైతే కొయ్య ఏమవుతుందో మా రేవులోని పిల్లవాడైనా చెప్పగలడు.

పరిశోధనలు కూడా ఈ మాటనే బలపరుస్తున్నాయి. 2013లో కాక్రేన్ సంస్థవారు 32 పరిశోధనలను, 2,762 మంది రోగుల వివరాలను కలిపి చూచి, నడుము నొప్పికి ట్రాక్షన్ వల్ల నొప్పిలోగాని పనిచేసే శక్తిలోగాని చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చారు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు వెలువరించి, ట్రాక్షన్‌ను, నడుము బెల్టులను మామూలుగా వాడవద్దన్నది. వ్యాయామాన్ని, వ్యాధి గురించిన అవగాహనను సూచించింది. మెడ విషయం కొంత వేరు. మెడ నుండి చేతిలోకి దిగే నొప్పికి, వ్యాయామంతో కలిపి చేసిన ట్రాక్షన్ కొందరికి ఉపకరించినట్లు పరిశీలనలున్నాయి. అది శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో జరగవలసిన పని. తలుపు కమ్మీకి త్రాడు కట్టి గడ్డం తగిలించుకునే ప్రయోగాలు ఇంట్లో వద్దు.

ఇక్కడ నా వృత్తి గురించి కూడా నిజం చెప్పాలి. మేము చేసే కటివస్తి, అనగా మినప్పిండితో నడుముపై గట్టు కట్టి గోరువెచ్చని తైలం నింపే చికిత్స, నొప్పిని ఉపశమింపజేస్తుంది; బిగిసిన కండరాలను వదులు చేస్తుంది. తైలం లోపలికి ఇంకి బిళ్ళను యథాస్థానానికి నెడుతుందని నేను ఎవరికీ చెప్పను. అలా చెప్పి ముప్పై రోజుల ప్యాకేజీ కట్టించుకునేవారికీ ఆ యంత్రంవారికీ భేదం లేదు.

ఒక రాత్రి ఆలస్యం

ముప్పై ఏళ్ళకు పూర్వం ఇసకపల్లి ఉప్పు కొఠారులలో బస్తాలు మోసే మనిషిని అతని భార్య బండిపై తీసుకువచ్చింది. వారం రోజులుగా కుడికాలిలో గృధ్రసి లక్షణాలు. తైలధార, స్వేదం చేసి మా వసారాలోనే ఉంచాను. మూడవ నాడు సాయంత్రం అతడు రెండు కాళ్ళూ మొద్దుబారుతున్నాయన్నాడు. భార్య ప్రక్కకు పిలిచి, “సామీ, మాపటేళ నుంచి ఒంటికి పోలేదు. కూర్చుంటే కింద స్పర్శ తెలీడం లేదంట” అన్నది. నేను దానిని మూత్రాఘాతమనుకున్నాను. వాతం అవరోధించిందని కషాయమిచ్చి తెల్లవారే దాకా వేచి చూచాను. ఉదయానికి కాళ్ళు ఇంకా బలహీనపడ్డాయి. అప్పుడు నెల్లూరు ఆసుపత్రికి పంపాను. శస్త్రచికిత్స జరిగింది. అతడు కర్ర సాయంతో నడిచాడు. మూత్రంపై అదుపు మాత్రం జీవితాంతం పూర్తిగా రాలేదు. ఉప్పు బస్తా మళ్ళీ ఎత్తలేదు.

వెన్ను చివర నాడుల గుత్తి మొత్తం నలిగిపోయే స్థితి అది. అక్కడ గంటలు లెక్క. ఆ రాత్రి నాది.

కనుక పాఠకులు ఈ పేరాను కత్తిరించి దాచుకోండి. మలమూత్రాలు ఆగిపోవడం లేక అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చునే భాగంలో స్పర్శ పోవడం, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడటం, పాదం పైకి లేవక నేలను రాసుకోవడం కనిపిస్తే మా వంటి వైద్యుని వద్దకు కాదు, వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవాలి. జ్వరంతో కూడిన వెన్ను నొప్పి, పడిన తరువాత వచ్చిన నొప్పి, కాన్సరు వచ్చి తగ్గినవారిలో క్రొత్తగా వచ్చిన నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, బరువు తగ్గిపోవడం కూడా ఉపేక్షింపరానివి. వీరికి, గర్భవతులకు, ఎముకలు గుల్లబారినవారికి సాగదీసే యంత్రం అసలు పనికిరాదు. తలక్రిందులుగా వ్రేలాడే బల్లలు రక్తపోటు, గ్లకోమా, హృద్రోగం ఉన్నవారికి నిషిద్ధం.

ఇంటిలో చేయదగినవి

మాస్టారికి ఈ ప్రమాద లక్షణాలు ఏవీ లేవు. బొటనవ్రేలు పైకెత్తే బలం ఉంది. ఎమ్మారైలో ‘డిస్క్ బల్జ్’ అని వ్రాసి ఉన్నందుకు భయపడుతున్నారు. ఏ నొప్పీ లేని యాభై ఏళ్ళవారిని పరీక్షించినా నూటికి అరవై మందికి అటువంటి బల్జ్ ఉంటుందని చెప్పాను. నెరసిన వెంట్రుక వంటిదే అదీను. పొడుచుకువచ్చిన గుజ్జు కూడా చాలామందిలో కొన్ని నెలలలో తనంతట తానే కుంచించుకుపోతుంది. గాజులు బ్యాంకులో పెట్టవద్దన్నాను.

వెన్నుపై భారం తగ్గించడానికి ఖర్చులేని మార్గం పడుకోవడం. స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ దశాబ్దాల క్రితం డిస్కులలో ఒత్తిడి కొలిచి, నిలబడినప్పుడు 100 అనుకుంటే వెల్లకిలా పడుకున్నప్పుడు 25, కూర్చుని ముందుకు వంగితే 185 అని లెక్క చూపారు. 1999లో జర్మనీలో తిరిగి కొలిచినప్పుడు కూర్చోవడం అంత హాని కాదని తేలింది; కాని నడుము వంచి 20 కిలోలు ఎత్తితే నిలబడినప్పటికంటె నాలుగు రెట్లు మించిన ఒత్తిడి కనిపించింది. బిందె, గ్యాసు సిలిండరు, మేత బస్తా ఎత్తేవారు గమనించాలి. మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టి లేవాలి.

నేలపై చాప పరచి వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ కుర్చీపై ఆనించి, తొడలు నిటారుగా ఉండేటట్లు పదిహేను నిమిషాలు ఉండండి. రోజుకు రెండు మూడు సార్లు. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు దీనివల్ల కలిగే సుఖం యంత్రం సుఖానికి తీసిపోదు. అయితే రోజంతా మంచం పట్టడం తగదు. అది వ్యోమగామి దారే.

మా తీరవాసులకు ఇసుక కొరత లేదు. వాలుకాస్వేదానికి ముతక ఇసుకను కడిగి ఆరబెట్టి, ఇనుప మూకుడులో వేయించి, మందపాటి గుడ్డలో మూట కట్టాలి. ముందుగా మీ ముంజేతిపై ఆనించి చూచి, తరువాతనే నడుముపైగాని మెడపైగాని పది నిమిషాలు కాపడం పెట్టాలి. ఉదయం లేవగానే బిగుతు, బరువు, మందం ఉన్నవారికి ఇది మేలు. పోటు, పొడి నొప్పి ఉన్నవారు మహానారాయణ తైలం గోరువెచ్చగా రాసి, వావిలాకు కాచిన నీటితో కాపుకోవడం మంచిది. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి ఇతరులే వేడి చూచి పెట్టాలి. పాదాలు బొబ్బలెక్కించుకుని నా వద్దకు వచ్చినవారున్నారు.

గృధ్రసికి చక్రదత్తుడు పారిజాతపు ఆకుల కషాయం చెప్పాడు. మంద మీద, అనగా సన్నని మంటపై, కాయాలన్నాడు. పది ఆకులు నలిపి రెండు గ్లాసుల నీటిలో అర గ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి పరగడుపున రెండు వారాలు సేవించవచ్చు. చేదుకు సిద్ధపడండి. మలబద్ధం ఉన్నవారు చెంచాడు వంటాముదం శొంఠి కషాయంలో కలిపి వారానికి ఒకటి రెండు సార్లు తీసుకోవచ్చు. ముక్కడం వల్ల నడుముపై పడే ఒత్తిడి తగ్గుతుంది. గర్భవతులు రెండూ తీసుకోరాదు. ఇతర మందులు వాడేవారు వైద్యుని అడగాలి. త్రయోదశాంగ గుగ్గులు, సహచరాది తైలం వంటివి రోగిని చూచి ఇవ్వవలసినవి. పేరూ ఊరూ లేని పొట్లం వేసుకున్న రెండవ రోజే నొప్పి మాయమైతే సంతోషించకండి. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు.

మెడ నొప్పి గురించి ఒక మాట. మన్యాస్తంభానికి పగటినిద్రను, వికృతంగా కూర్చోవడాన్ని, అదేపనిగా పైకి చూడటాన్ని సుశ్రుతుడు కారణాలుగా చెప్పాడు. ఇప్పటివారు పైకి చూడటం మానేశారు, తల వంచి అరచేతిలోని ఫోనునే చూస్తున్నారు! ఫోనును కళ్ళ ఎత్తుకు తెచ్చుకోండి. ఒకటే దిండు, భుజం వెడల్పుకు సరిపోయే ఎత్తున. అరచేతితో నుదుటిని నొక్కుతూ తల కదలకుండా పది లెక్కించడం, అట్లే ప్రక్కలకు, వెనుకకు. ఇది మెడ కండరాలకు బలం.

ఇక నడక. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి తగ్గిన 701 మందిపై జరిగిన పరిశోధన 2024లో వెలువడింది. క్రమంగా నడక పెంచుతూ పోయినవారికి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది. ఏమీ చేయనివారికి 112 రోజులు. మైపాడు తీరంలో నడవాలనుకునేవారు పొడి ఇసుకలో కాళ్ళు కూరుకుంటూ నడవకండి. అలలు తడిపిన గట్టి ఇసుక మేలే గాని అది సముద్రంవైపు ఒరిగి ఉంటుంది. పోయేటప్పుడు ఎంత దూరమో వచ్చేటప్పుడూ అంతే నడిస్తే రెండు కాళ్ళకూ భారం సమానమవుతుంది. నొప్పి మరీ ఉన్నప్పుడు చదునైన రోడ్డే ఉత్తమం.

మాస్టారు మొదటి వారం ఇంటి ముందర ఐదు నిమిషాలు నడిచారు. నెలకు ఇరవై నిమిషాలయింది. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు, ఇసుక కాపడం మానలేదు. మధ్యలో బియ్యం మూట జరుపబోయి మూడు రోజులు పడుకున్నారు. ఆ సంగతి ఆయన దాచారు, ఆమె చెప్పారు. ఆషాఢంలో తైలం సీసా అయిపోయిందని వచ్చినప్పుడు ఆటో మైపాడు రోడ్డుపైనే ఆపించి, లోపలికి నడిచి వచ్చారు. నడుము నిటారుగా ఉంది. ఎడమ బొటనవ్రేలిలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదట. అది పోవడానికి మరికొన్ని నెలలు పట్టవచ్చు, కొద్దిగా మిగిలిపోవచ్చు కూడానని చెప్పాను. ఈసారి ఆయన కుర్చీలో కూర్చునే విన్నారు.